పడవకు ఎర్తు ఎక్కడిది?

వాల్వుల రేడియో కొని తెచ్చుకున్న రోజులలో దానితోపాటు రెండు తీగల బాధ్యత కూడా ఇంటికి వచ్చేది. మొదటిది మిద్దె మీద రెండు గడల నడుమ కట్టే ఏరియలు తీగ. రెండవది పెరటిలో గొయ్యి తవ్వి పాతే ఎర్తు తీగ. ఏరియలు వీధివీధికీ కనిపించేది. ఆ ఇంట రేడియో ఉన్నదని అదే చాటేది. ఎర్తు తీగ మాత్రం గోడ వెంట దిగి మట్టిలో కలిసిపోయేది. దాని ఊసు ఎవరికీ పట్టేది కాదు. రేడియో గురగురలాడినప్పుడు ఇంటిపెద్ద చెంబెడు నీళ్ళు తీసుకొనిపోయి ఆ గోతిలో పోసి వచ్చేవాడు. గురగుర తగ్గేది. ఎందుకు తగ్గినదో తెలియనక్కరలేకుండానే ఆ చెంబు తన పని తాను చేసేది.

ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణకూ తార్నాకకూ ఆనుకొని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఒక మిత్రుని ఇంట ఇటువంటి ఎర్తు గొయ్యి తవ్వుతుండగా మేము దగ్గర నిలిచి చూశాము. ఈ పేటకు వడ్డెరబస్తీ అన్న పేరు కూడా ఉన్నది. రాతిపనికి పేరుపడిన వారి నివాసం. గునపం జానెడు దిగిందో లేదో ఖంగుమన్నది. పక్కన మరొక చోట వేస్తే అక్కడా ఖంగే. ఆ ఇంటి పెద్దాయన అరుగు మీద కూర్చుండి నవ్వుతూ, "మా తాతల సమ్మెటలకే ఓ పట్టాన లొంగని రాయి అయ్యా ఇది, మీ తీగకు దారి ఇస్తదా?" అన్నాడు. చివరకు మట్టి కొంచెం లోతుగా ఉన్న మూలను వెదికి, బొగ్గూ ఉప్పూ పొరలు పొరలుగా నింపి, నీరు పోసి, గొట్టం నిలబెట్టవలసి వచ్చింది.

పెద్దాయన మాటలో శాస్త్రం ఉన్నది. హైదరాబాదు నేల అడుగున ఉన్నది సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు రాయి. పొడి గ్రానైటు విద్యుత్తును సులువుగా పోనివ్వదు. ఒక పదార్థం విద్యుత్తును ఎంతగా అడ్డగిస్తుందో ఓమ్-మీటర్లలో కొలుస్తారు. తడి బంకమట్టికి ఆ లెక్క కొన్ని పదులు. గట్టి గ్రానైటుకు వేలు, పదివేలు, ఆపైన కూడా. తార్నాక నుంచి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోయే దారిలో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉన్నది. అక్కడి శాస్త్రజ్ఞులు భూగర్భజలం జాడ తెలుసుకొనడానికి వాడే పద్ధతులలో ఇది ఒకటి: నేలలో నాలుగు మేకులు వరుసగా దిగ్గొట్టి, చివరి రెంటి గుండా ప్రవాహం పంపి, నడిమి రెంటి మధ్య వోల్టేజి చూస్తారు. వెన్నర్ అనే శాస్త్రజ్ఞుడు 1915లో ప్రచురించిన ఏర్పాటు అది. అడ్డగింపు తగ్గిన చోట తడి ఉండే అవకాశం ఎక్కువ.

ఇక సముద్రపు నీటికి ఆ లెక్క ఎంత? ఒక ఓమ్-మీటరులో అయిదవ వంతు మాత్రమే. అనగా మనం మాణికేశ్వర్ నగర్‌లో చెమటోడ్చి, బొగ్గు పోసి, ఉప్పు చల్లి, చెంబులతో నీరు పోసి ఏ తడి ఉప్పునేలను సంపాదించుకొన్నామో, దానికంటె ఎన్నో రెట్లు మేలైనది పడవవానికి అడుగునే, అడగకుండానే ఉన్నది. అటువంటి పడవలో అమర్చిన రేడియో యంత్రం దివ్యంగా పలకవలెను గదా! కాని నడి సముద్రంలో అవసరానికి మూగపోయే యంత్రాలు తక్కువ కాదు. ఈ వింతకు కారణం వెదకడమే మా ఈనాటి ప్రసంగం.

సముద్రానికి రెండున్నరవందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న ఊరిలో కూర్చుండి పడవల ముచ్చట ఏమిటని కొందరు అడుగవచ్చును. సముద్రం ఈ ఊరికి రాలేదు గాని, సముద్రానికి పోయే మాటలు పెక్కు ఈ ఊరి నుంచే పోతున్నవి. ఇన్‌కాయిస్ అని పొడి అక్షరాలతో పిలిచే భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం 1999లో హైదరాబాదులోనే నెలకొన్నది. చేపలు ఎక్కువగా దొరికే తావులు, అలల ఎత్తు, ఉప్పెన భయం, ఇవన్నీ అక్కడ లెక్కకట్టి తీరానికి పంపుతారు. 2007 నుంచి సునామీ హెచ్చరికల కేంద్రం కూడా అక్కడనే పనిచేస్తున్నది.

ఆకాశవాణిలో పనిచేసేవారికి ఈ సంగతి మరికొంత దగ్గరిది. తుఫాను హెచ్చరిక చదివే వేళ మైక్రోఫోను ముందు కూర్చున్నవాని గొంతు తనకే కొత్తగా వినిపిస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన వేలాది ప్రాణాలు తీసింది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుఫాను నాడు వేటకు పోయి తిరిగిరాని మత్స్యకారులు పెక్కుమంది. ఆ రోజులలో పడవ మీద రేడియో ఉన్నా అది వినే రేడియోయే. కేంద్రం చెప్పేది, పడవ వినేది. పడవ చెప్పుకొనడానికి నోరు లేదు. ఈనాడు ఆ నోరు వచ్చింది. వి.హెచ్.ఎఫ్. వైర్‌లెస్ సెట్టు, దారి చూపే జీ.పీ.ఎస్., నీటి లోతునూ చేపల గుంపులనూ చూపే ఎకో సౌండరు, ఓడల ఉనికి తెలిపే యంత్రం, ఇవన్నీ చిన్న ఫైబరు పడవలలోకి కూడా దిగినవి. అన్నిటికీ ఆహారం ఒక్కటే, 12 వోల్టుల బ్యాటరీ. అన్నిటికీ నరాలు కూడా ఒక్కటే తీరు, పడవ ప్రక్కల వెంట పాకే రాగి తీగలు.

విశాఖపట్నం చేపల రేవులో మాకు పరిచయమైన ఒక సరంగు తన పడవలోని వైర్‌లెస్ సెట్టును గురించి చెప్పిన మాట ఈ వ్యాసానికి మూలం. "ఇనపడతాది బాబూ, శుబ్బరంగా ఇనపడతాది. మనం మాటాడితేనే పోదు" అన్నాడు. సెట్టు మంచిది. కొని ఏడాది కాలేదు. రేవులో నిలిపి ఉన్నప్పుడు అది పక్క పడవల మాటలన్నీ వినిపిస్తున్నది. మాట్లాడే మీట నొక్కగానే దాని ముఖం మీది వెలుగు ఒకసారి రెపరెపలాడి ఆరిపోతున్నది. మీట వదలితే మళ్ళీ వెలుగుతున్నది. సరంగు ఆ సెట్టును రెండుసార్లు మరమ్మతుకు ఇచ్చాడట. రెండుసార్లూ బల్ల మీద పెట్టి చూసి బాగానే ఉన్నదని తిరిగి ఇచ్చారట. వారు అబద్ధం చెప్పలేదు. బల్ల మీద అది నిజముగానే బాగున్నది.

చిక్కు ఎక్కడ ఉన్నదో కొంచెం లెక్క వేస్తేగాని బోధపడదు. వి.హెచ్.ఎఫ్. సెట్టు వింటున్నప్పుడు తీసుకొనే ప్రవాహం అర ఆంపియరు కంటె తక్కువ. 25 వాట్ల బలంతో మాట్లాడేటప్పుడు అదే సెట్టు అయిదారు ఆంపియర్లు తీసుకొంటుంది. అనగా పదిరెట్లకు పైమాట. ఆ పడవలో బ్యాటరీ వెనుక ఇంజను గదిలో ఉన్నది, సెట్టు ముందు గదిలో ఉన్నది. తీగ పొడవు ఎనిమిది మీటర్లు. విద్యుత్తు పోవడమే కాదు, తిరిగి రావలెను గనుక మొత్తం పదహారు మీటర్ల రాగి. వేసిన తీగ ఇళ్ళలో దీపాలకు వేసే ఒకటిన్నర చదరపు మిల్లీమీటర్ల సన్నతీగ. పదహారు మీటర్ల ఆ తీగకు అడ్డగింపు ఓమ్‌లో సుమారు 18 శాతం. ఆరు ఆంపియర్లు పారినప్పుడు 1.1 వోల్టు దారిలోనే హరించిపోతుంది.

అంతటితో పోలేదు. నడుమ ఒకచోట తీగ చాలక, రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టినారు. టేపు విప్పి చూస్తే లోపల రాగి లేదు, పచ్చని పొడి ఉన్నది. ఆ ఒక్క అతుకు అడ్డగింపు ఓమ్‌లో పదవ వంతు అనుకొందాము. మాట్లాడేటప్పుడు అక్కడ మరొక 0.6 వోల్టు పోతుంది. ఇంజను ఆగి ఉన్నప్పుడు సగం నిండిన బ్యాటరీ 12.2 వోల్టులు చూపుతుంది. అందులో తీగ 1.1 తిన్నది, అతుకు 0.6 తిన్నది, సెట్టు నోటికి అందినది పదిన్నర. పెక్కు సెట్లకు ఆ మాత్రం చాలదు. అదే వినేటప్పుడు చూడండి: 0.4 ఆంపియరుకు ఇదే తీగలోనూ ఇదే అతుకులోనూ కలిపి పోయేది వోల్టులో పదవ వంతు. సెట్టుకు 12.1 అందుతుంది. హాయిగా పలుకుతుంది. తీగలో ఉన్న రోగం వినేటప్పుడు దాగి ఉండి, అరిచేటప్పుడు బయటపడుతున్నది.

ఈ మాట మేము ప్రత్యేకంగా నొక్కి చెప్పదలచుకొన్నాము. ఇంటిలో రేడియో కొన్నవారికి యంత్రం బాగున్నదా అన్న పరీక్ష ఒక్కటే, పలుకుతున్నదా లేదా అని. పడవవారు కూడా సహజముగా ఆ పరీక్షే చేస్తున్నారు. మీట తిప్పగానే మాటలు వినిపించినవి గనుక సెట్టు బాగున్నదని బయలుదేరుతున్నారు. పడవ మీది సెట్టుకు ఆ పరీక్ష చాలదు. సెట్టు కరెంటు కొసల దగ్గర మల్టీమీటరు పెట్టి, మాట్లాడే మీట నొక్కి పట్టి, అప్పుడు ముల్లు ఎంతకు దిగినదో చూడవలెను. బ్యాటరీ దగ్గరి వోల్టులకూ ఇక్కడి వోల్టులకూ భేదం నూటికి మూడు మించరాదని పడవ యంత్రాలవారి నియమం. 12 వోల్టులకు అది 0.36. మన సరంగు పడవలో ఆ భేదం 1.7.

ఎనిమిది మీటర్ల దూరానికి ఆరు చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే పోయేది 0.27 వోల్టు మాత్రమే. తీగ లావుదైతే చాలదు, జాతి కూడా చూడవలెను. ఇంటి గోడలలో వేసే తీగ కొన్నింటిలో రాగి ఒకే పోచగానో, కొద్ది లావు పోచలుగానో ఉంటుంది. పడవ నిలకడగా ఉండదు. ఇంజను అదురు, అల దెబ్బ పగలూ రాత్రీ తగులుతూనే ఉంటవి. లావు పోచ వంగి వంగి ఒకనాడు లోపలనే తెగుతుంది. సన్నని పోచలు అనేకం పేనిన తీగ ఆ అదురును ఓర్చుకొంటుంది. ఆ పోచలలో ప్రతిదానికీ తగరం పూత ఉంటే మరీ మంచిది. వంటింటి ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించడం మన తల్లులకు తెలిసిన సంగతే. పులుసు తగిలి చిలుము పట్టకుండా గిన్నెకు కళాయి. ఉప్పుగాలి తగిలి చిలుము పట్టకుండా తీగకు కళాయి. కళాయి లేని రాగి తీగలో ఉప్పు తడి పోచల మధ్య పాకి, పైతొడుగు చెక్కుచెదరకుండానే, మూరెడు లోపలిదాకా నల్లబారుతుంది. పైకి చూచినవారికి తీగ కొత్తదే.

అతుకులు లేకుండా ఒకే పొడవుగా తీగ వేయడం ఉత్తమం. తప్పనిచోట తగిన కొలత లగ్గులో తీగ దూర్చి నొక్కుడు పనిముట్టుతో గట్టిగా బిగించి, పైన వేడికి ముడుచుకొనే గొట్టం తొడిగితే నీరు చేరదు. సీసం కరిగించి అతికిస్తే ఇంకా గట్టి గదా అని రేడియో మరమ్మతుదారులు అనవచ్చును. బల్ల మీద అది నిజం. పడవలో సీసం పీల్చుకొన్న మేర తీగ బిర్రుగా మారి, ఆ బిర్రు ముగిసిన చోటనే అదురుకు తెగుతుంది. ఇక ఫ్యూజు. బ్యాటరీ నుంచి బయలుదేరిన ధన తీగకు జానెడు లోపలనే ఫ్యూజు ఉండవలెను. ఫ్యూజు సెట్టును కాపాడడానికని చాలామంది సెట్టు దగ్గర మాత్రమే పెడతారు. అది సెట్టును కాపాడుతుంది. దారిలో ఎక్కడైనా తొడుగు ఒరిగి తీగలు కలిస్తే పడవను కాపాడదు. ఫైబరు పడవ, డీజెలు, ఎర్రగా కాలిన తీగ, ఈ మూడు ఒకచోట చేరితే నడి సముద్రంలో పారిపోవడానికి చోటు ఉండదు.

ఇంతవరకు తీగల మాటే చెప్పాము. శీర్షికలో అడిగిన ఎర్తు మాటకు రాలేదు. దానికి కారణం ఉన్నది. పడవల మీద పనిచేసే మెకానిక్కులలో సెట్టు సరిగా పలకకపోతే ముందుగా "ఎర్తు సరిగా లేదు" అనే అలవాటు ఉన్నది. అని ఊరుకోక, సెట్టు నల్ల తీగను ఇంజను బోల్టుకో, ఇరుసుకో, చుక్కాని ఇనుముకో కట్టివేస్తారు. ఒక్కొక్కప్పుడు సెట్టు మెరుగుపడుతుంది కూడా. అప్పటికి మెప్పు వస్తుంది. ఆ మెప్పుకు వెల ఏడాది తరువాత చెల్లించవలసి ఉంటుంది.

ఎర్తు అన్న ఒక్క మాటతో మనం వేరువేరు పనులను పిలుస్తున్నాము. బ్యాటరీ నుంచి వెళ్ళిన విద్యుత్తు తిరిగి వచ్చే దారిని ఎర్తు అంటున్నాము. ఏరియలుకు జోడుగా నిలిచే లోహాన్నీ ఎర్తు అంటున్నాము. పిడుగును దింపే దారి కూడా ఎర్తే. రేవులో ఊరి కరెంటు తీసుకొనేటప్పుడు ప్రాణరక్షణకు ఉండే మూడవ తీగ సంగతి సరేసరి. నేల మీద ఇవన్నీ ఒకే గోతిలో కలిసినా పెద్ద ఇబ్బంది రాదు, మట్టి అన్నిటినీ భరిస్తుంది. పడవలో ఒకదాని పని మరొకదానికి అప్పగిస్తే సముద్రం ఊరుకోదు.

మొదటిదానిని చూద్దాము. మోటారు కారులో బ్యాటరీ రుణ కొసను ఉక్కు శరీరానికి కట్టి, ఆ శరీరాన్నే తిరుగు తీగగా వాడుకొంటారు. తీగ సగానికి సగం ఆదా. ఫైబరు పడవకు అటువంటి శరీరం లేదు. ఉన్న లోహమల్లా ఇంజను, ఇరుసు, పంకా, చుక్కాని. వీటిలో కొన్ని ఉప్పునీటిలో మునిగి ఉన్నవి. వీటి గుండా విద్యుత్తు తిరిగివచ్చే ఏర్పాటు చేస్తే, ఆ ప్రవాహంలో కొంత నీటిలోకి దూకి మరొక లోహం గుండా ఇంటికి చేరుతుంది. లోహం నుంచి నీటిలోకి ప్రవాహం దిగే చోట లోహం కూడా దానితో కరిగి దిగిపోతుంది. ఫారడే నియమం ప్రకారం లెక్క కడితే ఆంపియరులో పదవ వంతు ప్రవాహం ఎడతెగకుండా పారితే ఏడాదిలో 900 గ్రాముల ఇనుము కరుగుతుంది. ఆంపియరులో పదవ వంతు అనగా వింటున్న వైర్‌లెస్ సెట్టు తీసుకొనే ప్రవాహంలో నాలుగవ వంతు. కంటికి కనపడదు, చెవికి వినపడదు, ఫ్యూజుకు ఆనదు. పడవ అడుగున చేరిన నీటిని తోడే పంపు తీగ అతుకు ఆ నీటిలోనే మునిగి ఉన్న పడవలలో ఈ తినివేత మరింత చురుకు.

విద్యుత్తు బయట నుంచి పారకపోయినా లోహాలు తమలో తాము తినుకొంటవి. ఉప్పునీటిలో మునిగిన రెండు వేరు లోహాలను తీగతో కలిపితే అదే ఒక బ్యాటరీ. ఇనుము, కంచు కలిసి ఉంటే ఇనుము అరుగుతుంది. అందుకు మందు 1824లోనే ఇంగ్లండులో హంఫ్రీ డేవీ కనిపెట్టాడు. యుద్ధనౌకల అడుగున తాపడం చేసిన రాగిరేకు తొందరగా పాడవుతున్నదని నౌకాదళంవారు మొరపెట్టుకొనగా, ఆయన ఆ రాగికి ఇనుపముక్కలో, తుత్తునాగం ముక్కలో తగిలించమన్నాడు. తుత్తునాగం తాను కరిగి రాగిని కాపాడింది. కాని తమాషా ఏమంటే, కరుగుతున్న రాగి విషానికి భయపడి ఇంతకాలం దూరంగా ఉన్న గుల్లలు, నాచు, రాగి కరగడం మానగానే ఓడ అడుగుకు పట్టివేసినవి. ఓడల వేగం తగ్గింది. డేవీగారి మందును నౌకాదళంవారు విడిచిపెట్టవలసి వచ్చింది. ఇనుముకూ కంచుకూ మాత్రం ఆ మందు ఈనాటికీ చెల్లుతున్నది. పడవ చుక్కానికి బిగించిన జింకు దిమ్మె అదే. దానికి రంగు వేయరాదు. వేస్తే అది కరగదు, కరగకపోతే కాపాడదు. అందంగా ఉంటుందని రంగు పూసిన జింకు దిమ్మెలను మేము కళ్ళారా చూశాము.

కాబట్టి పడవలో ప్రతి యంత్రానికీ రెండు తీగలు జంటగా వెళ్ళి జంటగా రావలెను. రుణ తీగలన్నీ బ్యాటరీ దగ్గర ఒక రాగిపట్టీ మీద కలియవలెను. ఆ పట్టీ నుంచి ఇంజనుకు ఒకే ఒక సంబంధం ఉండవలెను. జంటగా వేయడం వలన ఇంకొక లాభం కలదు. ఆరు ఆంపియర్లు మోసే ఒంటి తీగ దిక్సూచికి అడుగు దూరాన పోతే దాని ముల్లు అయిదారు డిగ్రీలు పక్కకు తిరుగుతుంది. పోయే తీగనూ వచ్చే తీగనూ కలిపి పేనితే ఒకదాని అయస్కాంత బలం రెండవదానితో చెల్లిపోతుంది. జీ.పీ.ఎస్. ఉండగా దిక్సూచి ఎందుకనే వారికి ఒక మాట: జీ.పీ.ఎస్. కూడా ఆ బ్యాటరీ మీదనే బ్రతుకుతున్నది.

ఇక రేడియో ఎర్తు. మన పాత మీడియం వేవ్ సెట్టుకు ఎర్తు మేలు చేసినది గనుక వి.హెచ్.ఎఫ్.కు కూడా కావలెనని ఎవరైనా అనుకొంటారు. ఇక్కడ తేడా తరంగం పొడవులో ఉన్నది. సముద్రంలో ఆపద పిలుపునకు ప్రపంచమంతటా విడిచిపెట్టిన 16వ ఛానలు 156.8 మెగాహెర్ట్జ్‌లో పనిచేస్తుంది. ఆ తరంగం పొడవు రెండు మీటర్లకు కాస్త తక్కువ. అందులో సగం పొడవు గల ఏరియలు తనకు తానే సంపూర్ణం. దానికి కింద జోడు లోహం అక్కరలేదు. పడవలకు అమ్మే తెల్లని కర్ర వంటి ఏరియళ్ళు చాలవరకు ఈ జాతివే. వాటికి ఎర్తు వెదకడం వ్యర్థం. దూర సముద్రం పోయే ఓడలలోని 2182 కిలోహెర్ట్జ్ వంటి పొడవు తరంగాల సంగతి వేరు. అక్కడ తరంగం 137 మీటర్లు. అంత పొడవు ఏరియలు ఏ పడవలోనూ పట్టదు. పొట్టి ఏరియలుకు సముద్రాన్నే రెండవ సగంగా వాడుకోవలసి వస్తుంది. దానికి వెడల్పాటి రాగిపట్టీ నీటిలోని లోహానికి చేరవలెను. మన చిన్న పడవలకు ఆ పని సాధారణంగా రాదు.

వి.హెచ్.ఎఫ్.కు కావలసినది ఎర్తు కాదు, ఎత్తు. ఆ తరంగాలు చూపు వలె సూటిగా పోతవి. భూమి గుండ్రన గనుక దిగంతం దగ్గర ఆగుతవి. ఏరియలు నీటి మీద నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే దాని దిగంతం ఎనిమిది కిలోమీటర్లు. అటువంటి రెండు పడవలు పదహారు కిలోమీటర్ల దూరం వరకు మాట్లాడుకోగలవు. ఒక పడవవాడు ఏరియలును తొమ్మిది మీటర్లకు లేపితే ఆ దూరం ఇరవై దాటుతుంది. ఒడ్డున కొండ మీద నిలిచిన ఏరియలు ఉంటే ఇంకా ఎక్కువ. సెట్టు బలం రెట్టింపు చేయడం కంటె గడ పొడవు పెంచడం చవక. ఐతే గడ పెరిగితే సెట్టు నుంచి ఏరియలుకు పోయే గుండ్రని కేబులు కూడా పెరుగుతుంది. సన్నని రకం కేబులు పది మీటర్లలో బలంలో మూడవ వంతుకు పైగా మింగుతుంది. దాని కొసలో నీరు చేరితే మింగడానికి ఇంక లెక్కే లేదు. సన్న కేబులు పొడవుగా మిగిలినదని చుట్టలు చుట్టి గూటిలో పెట్టడం కన్న కత్తిరించి సరిగా కొస వేయించుకొనడం మేలు.

పిడుగును గురించి. ఎత్తైన గడ చదునైన సముద్రం మీద పిడుగును రమ్మని పిలిచినట్లే. పూర్వం ఓడలవారు ఉరుము వినపడినప్పుడు కొయ్య నుంచి నీటిలోకి గొలుసు వేలాడదీసేవారు. తీరా పిడుగు పడేవేళకు ఆ గొలుసు పెట్టెలో ఉండేది. విలియం స్నో హారిస్ అనే ఆంగ్లేయుడు రాగిపట్టీలను కొయ్యలోనే శాశ్వతంగా పొదిగి, అడుగు దాకా దింపే పద్ధతి తెచ్చాడు. డార్విన్ ప్రపంచయాత్ర చేసిన బీగిల్ ఓడకు ఆ పట్టీలు ఉన్నవి. నేటి పడవకూ మార్గం అదే: గడ తల నుంచి లావైన రాగి తీగ సాధ్యమైనంత సూటిగా, మలుపులు లేకుండా దిగి, నీటిలో మునిగిన లోహపు రేకుకు చేరవలెను. ఉప్పునీటిలో అడుగు పొడవు, అడుగు వెడల్పు రేకు కనీసం అవసరం. మంచినీటిలో అది చాలదు. మన హుస్సేన్ సాగరులో తెరచాప పడవలు నడిపేవారు కూడా ఇది తెలుసుకోదగినది. సాగరమన్నది దాని పేరే గాని దాని నీటికి సముద్రపు గుణం లేదు. ఉరుము దగ్గరైనప్పుడు ఏరియలు కేబులు సెట్టు నుంచి ఊడదీసి పక్కన పెట్టడం, చేతి సెట్టును ఇనుపడబ్బాలో దాచడం తెలిసినవారు చేసే పని.

పిడుగు పడినా, బ్యాటరీ మునిగినా పలికేది ఒకటి పడవలో ఉండవలెను. ఇస్రోవారు రూపొందించిన ఆపద సంకేత యంత్రం 2010 నుంచి వాడుకలో ఉన్నది. దాని బ్యాటరీ దానిలోనే ఉన్నది. అది పడవ తీగల మీద ఆధారపడదు. ఉపగ్రహం గుండా పిలుపు ఒడ్డుకు పోతుంది. 2024లో వచ్చిన రెండవ తరం యంత్రంలో పిలుపు అందినదని తిరుగు కబురు కూడా వస్తుంది. అలల మధ్య చిక్కినవానికి ఆ తిరుగు కబురు ఎంత ధైర్యమో మేము చెప్పనక్కరలేదు.

మన సరంగు పడవ సంగతి ముగించవలసి ఉన్నది. నల్ల తీగను ఇరుసు నుంచి విప్పి, పాత తీగను కొస నుంచి కొస దాకా లాగివేసి, కళాయి రాగి తీగ జంట ఒకే పొడవున వేయడానికి ఒక పూట పట్టింది. బ్యాటరీ దగ్గర ఫ్యూజు పడింది. అతుకు లేదు. సరంగుకు ఇంకా నమ్మకం కుదరలేదు. సెట్టు వెలిగించగానే మాటలు వినిపించినవి. అవి ఇదివరకూ వినిపించేవే గదా అన్నట్లు చూశాడు. 16వ ఛానలు ఆపదకు విడిచినది గనుక దాని మీద పరీక్షలు కూడవు. వేరొక ఛానలుకు తిప్పి, సెట్టు కొసల మీద మల్టీమీటరు పెట్టి, అవతలి గట్టున ఉన్న పడవను పిలువమన్నాము. ఆయన మీట నొక్కాడు. మీటరు 12.1 నుంచి 11.8కి దిగి, అక్కడ నిలిచింది. సెట్టు ముఖం మీది వెలుగు చెదరలేదు. క్షణం ఆగి అవతలి నుంచి జవాబు వచ్చింది: "ఇనపడతంది మావా, ఏటి కొత్త సెట్టు కొన్నావేటి?"